పంట నష్టపరిహారం జాబితాను ఎవరు చూడవచ్చు?

తుపాన్లు, వడగళ్లు, వరదల తర్వాత ప్రభుత్వం రైతులకు ఇచ్చే పెట్టుబడి రాయితీ గురించి, ఆ చెల్లింపుల వివరాలు ఊరివారికి తెలియకపోవడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. కార్యాలయాల పేర్లు, వ్యక్తుల పేర్లు ఉన్న చోట వాటిని తొలగించాం.

ప్రశ్న: మాకు మూడెకరాల మాగాణి ఉంది. కంకి దశలో ఉన్న వరి గాలివానకు నేలకొరిగి, నాలుగు రోజులు నీటిలోనే నానింది. గట్టుకు అవతల ఉన్న పొలం పరిహారం జాబితాలోకి వెళ్లింది, మాది వెళ్లలేదు. అడిగితే “మీకు 33 శాతం రాలేదు” అన్నారు. ఈ శాతాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా తేల్చారో మాకు చెప్పేవారు లేరు. — ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు మూలం ఆ లెక్కలోనే ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఇచ్చే సాయానికి 2022–26 కాలానికి కేంద్ర హోం శాఖ ఖరారు చేసిన నిబంధనల ప్రకారం, పంట 33 శాతం లేదా అంతకు మించి దెబ్బతింటే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకు 22,500 చొప్పున, ఒక్కొక్క రైతుకు 2 హెక్టార్ల వరకు ఇవ్వవచ్చు. 2015కు ముందు ఈ అర్హత 50 శాతంగా ఉండేది. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి దీనికి కలిపి ఇవ్వవచ్చు. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000, అంటే ఎకరాకు దాదాపు 10,000 ప్రకటించింది. మీ మూడెకరాలు సుమారు 1.21 హెక్టార్లు కాబట్టి కేంద్ర నిబంధన ప్రకారమైతే 20,600 రూపాయల పైచిలుకు, పెంచిన రేటు ప్రకారమైతే 30,000 పైచిలుకు వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నష్టం 34 శాతమైనా 95 శాతమైనా చేతికి వచ్చే మొత్తం ఒకటే; 32 శాతమైతే ఏమీ రాదు. మెట్లుగా పెరిగే రేటు కాదిది, ఒకే ఒక్క గడప. గడపకు ఇటూ అటూ ఉన్న ఇద్దరు రైతుల మధ్య తేడా ఇరవై వేలో ముప్ఫై వేలో అయినప్పుడు, ఆ శాతాన్ని కాగితం మీద వేసిన చేతికి ఎంత బరువుందో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆ శాతాన్ని తూకం వేసి తేల్చరు. పంటల బీమాలోనైతే కోత ప్రయోగాలు చేసి, నూర్చి, దిగుబడిని తూచే పద్ధతి ఉంది. పెట్టుబడి రాయితీకి మాత్రం గ్రామ వ్యవసాయ సహాయకుడు, గ్రామ రెవెన్యూ అధికారి కలిసి పొలం గట్టు మీద నిలబడి, కంటితో అంచనా కట్టి రాసుకుంటారు. వందల ఎకరాలను కొద్ది రోజుల్లో చూసి రావలసిన ఆ ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. కంటి అంచనా తప్పనిసరి అయినప్పుడు ఆ అంచనాను నలుగురూ చూసి సరిచూసుకునే వీలు కూడా తప్పనిసరి కావాలన్నదే నా వాదన.

ఆ వీలు నియమాల్లో లేకపోలేదు. ఎన్యూమరేషన్ (పొలాలు తిరిగి నష్టాన్ని నమోదు చేయడం) పూర్తయ్యాక జాబితాను సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రంలోనో గ్రామ సచివాలయంలోనో ప్రదర్శించి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాతే తుది జాబితాను పైకి పంపాలి. ఆచరణలో ఆ ప్రదర్శన ఎలా ఉంటుందో చాలామంది చూసే ఉంటారు: కార్యాలయం లోపలి గోడకు, భూతద్దం ఉంటే తప్ప కనిపించని అక్షరాలతో నాలుగైదు కాగితాలు, పేర్లు ఇంగ్లిషులో, సర్వే నంబర్లు ఉపవిభాగాలతో కలిసిపోయి, తలుపుకు సాయంత్రం ఐదింటికే తాళం. కూలికో పొలానికో పోయి వచ్చేసరికి గడువు అయిపోతుంది.

అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. గోడకు అంటించేది అర్హులుగా తేలినవారి జాబితా మాత్రమే. మీ పొలాన్ని చూసి 30 శాతం అని రాసుకున్నారా, అసలు మీ గట్టు తొక్కనే లేదా, ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-పంటలో మీ పంట నమోదు కాలేదని పక్కన పెట్టారా అన్నది ఆ కాగితంలో ఉండదు. పరిహారం రానివారి జాబితా, దాని పక్కన కారణం కూడా అదే గోడ మీద ఉంటేనే సామాజిక తనిఖీ అన్న మాటకు అర్థం ఉంటుంది. అర్హుల జాబితాను ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మీ ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ఇప్పుడు మీరు చేయగలిగినది: మీ సర్వే నంబరుకు నమోదు చేసిన నష్ట శాతం, చూసిన తేదీ, చూసిన ఉద్యోగుల హోదా, తీసి ఉంటే పొలం ఫొటో ఇవ్వాలని మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి, ఒక ప్రతి తహసీల్దారుకు ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. ఇకముందు ఇలాంటి విపత్తు వస్తే, కోతకు ముందే, పొలంలో నీరు ఉండగానే, గట్టు రాయో పక్కనున్న స్తంభమో కనిపించేటట్టు తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి. కోత అయిపోయాక మళ్లీ పరిశీలించమని కోరినా పరిశీలించడానికి అక్కడ ఏమీ మిగలదు.

ప్రశ్న: నేను కౌలు రైతును. పెట్టుబడి నాది, నష్టం నాది, పరిహారం మాత్రం హైదరాబాదులో ఉండే భూ యజమాని ఖాతాలో పడింది. జాబితాలో కూడా ఆయన పేరే ఉంది. — ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: పెట్టుబడి రాయితీ అనేది పోయిన పెట్టుబడికి ఇచ్చే సాయం కాబట్టి అది సాగు చేసినవారికే చెందాలి, ఈ సూత్రాన్ని ఏ ప్రభుత్వమూ కాదనదు. 2023 మార్చిలో వడగళ్ల వానలకు పంటలు పోయినప్పుడు ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించిన అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కూడా కౌలు రైతులకు సాయం అందాలనే అన్నారు. చిక్కు సూత్రంలో లేదు, రికార్డులో ఉంది. తెలంగాణలో పాత పహాణీల్లో, భూమి ఎవరి సాగులో ఉందో చూపే అనుభవదారు కాలమ్ ఉండేది; ధరణి పోర్టల్ వచ్చాక అది కనుమరుగైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం కింద రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం అవసరం ఉండేది కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే పదకొండు నెలల సాగు పత్రానికి ఆ సంతకం తప్పనిసరి అయింది. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయంతో యజమానులు వెనుకాడుతున్నారు, కౌలుదారులు కార్డు లేకుండానే సాగు చేస్తున్నారు.

మీ విషయంలో ముందు చూడవలసినది ఈ-పంట నమోదు. అందులో సాగుదారుగా మీ పేరు ఉండి కూడా డబ్బు యజమానికి వెళ్లి ఉంటే అది చెల్లింపులో జరిగిన పొరపాటు, దానిమీద ఫిర్యాదు నిలుస్తుంది. సాగుదారుగా యజమాని పేరే ఎక్కి ఉంటే, పంట కాలంలో నమోదు వివరాలను ప్రదర్శించినప్పుడే అభ్యంతరం చెప్పవలసింది. ఆ దశ దాటాక అధికారి మనసున్నవాడైనా చేయగలిగింది తక్కువ. జాబితాలో పట్టాదారు పేరు ఒక గడిలో, సాగుదారు పేరు పక్క గడిలో వేసి ప్రదర్శిస్తే ఇలాంటి సగం తగాదాలు ఊళ్లోనే తేలిపోతాయి, ఎందుకంటే ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో ఊళ్లో తెలియనివారు ఉండరు.

ప్రశ్న: జాబితా అడిగితే, కొత్త డేటా చట్టం వచ్చింది, రైతుల పేర్లు బయట పెట్టకూడదు అంటున్నారు. నిజమేనా? — ఒక వార్డు సభ్యురాలు, నల్గొండ జిల్లా

జవాబు: సగం నిజం, సగం సాకు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 8(1)(జె) వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించే వీలు కల్పిస్తుంది. అయితే ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదో, అకారణంగా వ్యక్తి ఆంతరంగికతలోకి చొరబడేదో అయినప్పుడే నిరాకరించాలన్న షరతు అందులో మొదటి నుంచీ ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతును తీసివేసి, వ్యక్తిగత సమాచారం అంటే చాలు నిరాకరించవచ్చన్నట్టుగా నిబంధనను కుదించింది. 2025 నవంబరు నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చింది. ఇది పారదర్శకతకు దెబ్బ అన్నవారితో నేను ఏకీభవిస్తాను.

కానీ మీ కార్యాలయంవారు చెప్పకుండా వదిలేసిన సంగతులు మూడు ఉన్నాయి. ఒకటి, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(బి) ఇప్పటికీ ఉంది. రాయితీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రభుత్వ కార్యాలయాలు ప్రచురించాలని అందులోని 12వ అంశం చెబుతుంది. రెండు, ప్రజా ప్రయోజనం నష్టం కంటే ఎక్కువైనప్పుడు మినహాయింపు ఉన్న సమాచారమైనా ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) చెక్కుచెదరలేదు. మూడు, ఏదైనా చట్టం ప్రకారం బహిరంగపరచవలసి ఉన్నందువల్ల బహిరంగపరచిన డేటాకు తాను వర్తించనని కొత్త డేటా చట్టమే తన సెక్షన్ 3లో చెప్పుకొంది. వీటిని కలిపి చదివితే, పరిహారం జాబితాను గోడకు అంటించడానికి ఆ చట్టం అడ్డు కాదన్నది నా అభిప్రాయం. పీఎం కిసాన్ లబ్ధిదారుల పేర్లు ఊరివారీగా ఆ పథకం పోర్టల్‌లో ఎవరికైనా కనిపిస్తున్నప్పుడు, పంట నష్టం జాబితా మాత్రమే రహస్యం ఎలా అవుతుందో చెప్పమనండి. అన్నట్టు, పీఎం కిసాన్‌లోనే దాదాపు 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చేరినట్టు 2021లో బయటపడింది కూడా ఒక సమాచార హక్కు దరఖాస్తు వల్లనే.

రైతు ఆంతరంగికత అనేది లేనిదేమీ కాదు. బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోను నంబర్లు ఏ గోడ మీదా ఉండకూడదు. అవి చూసి మోసగాళ్లు ఫోన్లు చేసిన సందర్భాలు మనకు కొత్త కాదు. ఆంతరంగికతకు, పారదర్శకతకు మధ్య గీత ఎక్కడ గీయాలో ఐరోపా ఒకసారి తర్కించి చూసింది. వ్యవసాయ రాయితీలు పొందిన వ్యక్తులందరి పేర్లు, మొత్తాలు విచక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టడం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2010 నవంబరు 9న జర్మనీ నుంచి వచ్చిన వివాదంలో తీర్పు చెప్పింది. అంతటితో పేర్లు మాయం కాలేదు. 2013లో కొత్త నియమావళి తెచ్చి, ఏడాదికి 1,250 యూరోలకు మించని చిన్న మొత్తాలు పొందినవారి పేర్లను మినహాయించి, మిగతావారి పేర్లను మళ్లీ ప్రచురించారు. మన దగ్గర ఆ పద్ధతిని యథాతథంగా పెట్టుకుంటే కుదరదు, ఎందుకంటే మన చెల్లింపులన్నీ చిన్నవే. పెట్టుబడి రాయితీలో తప్పులు జరిగేది కూడా ఇరవై వేల దగ్గరే.

ప్రశ్న: మేముండే టెక్సస్‌లో ఏ రైతుకు ప్రభుత్వం ఎంత ఇచ్చిందో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. గుంటూరు జిల్లాలో మా నాన్నగారి పొలానికి వచ్చిన పరిహారం గురించి తెలుసుకోవడానికి మాత్రం ఆయన మూడు ఆఫీసులు తిరిగారు. ఇంత తేడా ఎందుకు? — ఒక పాఠకుడు, డాలస్

జవాబు: అమెరికాలోనూ అది పైనుంచి దయతో ఇచ్చింది కాదు. చెల్లింపుల వివరాలను వ్యవసాయ శాఖ దాచిపెడితే పత్రికలు కోర్టుకు వెళ్లాయి. వాషింగ్టన్ పోస్ట్ వేసిన వ్యాజ్యంలో 1996లో ఫెడరల్ కోర్టు పేర్లు బయటపెట్టవలసిందేనని తేల్చింది. ఆ తర్వాత ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ రికార్డులను సేకరించి, పేరు, ఊరు, మొత్తంతో సహా వెతుక్కునేటట్టు ఇంటర్నెట్‌లో పెట్టింది. మీరు చూస్తున్నది బహుశా అదే.

దానివల్ల ఏం తెలిసిందో మీ రాష్ట్రం నుంచే ఒక ఉదాహరణ ఉంది. 2002లో కరవుతో మేత దొరకని పశుపోషకుల కోసం ఒక పరిహార పథకం పెట్టారు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ నిబంధనను సడలించి, ఏ రకమైన విపత్తు ప్రకటన ఉన్న కౌంటీ (మన జిల్లా వంటిది) అయినా అర్హమేనంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక టెక్సస్ గగనంలో ముక్కలైనప్పుడు ఆ శకలాల కోసం చేసిన విపత్తు ప్రకటన ఆధారంగా అక్కడి కౌంటీల పశువుల యజమానులకు కరవు సాయం అందింది. ఈ పథకం కింద 63.5 కోట్ల డాలర్లు కరవు లేని, లేదా ఓ మోస్తరుగా మాత్రమే ఉన్న ప్రాంతాలకు వెళ్లాయని వాషింగ్టన్ పోస్ట్ 2006లో చెల్లింపుల రికార్డులను విశ్లేషించి రాసింది. డబ్బు తీసుకున్నవారు చట్టాన్ని అతిక్రమించలేదు. చట్టమే అలా రాసి ఉంది. అందుకే అది తప్పుడు లబ్ధిదారుల జాబితా చూస్తే దొరికే తప్పు కాదు, మొత్తం చెల్లింపులను కరవు పటం పక్కన పెట్టి చూస్తేనే దొరుకుతుంది. మన దగ్గర ఒక్కొక్క రైతు తన పేరు ఉందో లేదో చూసుకునే ఏర్పాటు అయితే ఉంది గాని, మండలం మొత్తం చెల్లింపులను వర్షపాతం లెక్కల పక్కన పెట్టి చూసే ఏర్పాటు లేదు.

2008 నాటి వ్యవసాయ చట్టంలో సెక్షన్ 1619 చేర్చి, రైతు తన సాగు గురించి ఇచ్చిన వివరాలను, పొలాల పటాల డేటాను బయటపెట్టకుండా అక్కడ కట్టడి చేశారు. కానీ చెల్లించిన మొత్తం, పొందినవారి పేరు, చిరునామా మాత్రం ఆ కట్టడి నుంచి మినహాయించారు. పొలం గుట్టు రైతుది, ఖజానా నుంచి వెళ్లిన రూపాయి లెక్క అందరిదీ అన్న ఈ విభజన మనకూ సరిపోతుందని నాకు అనిపిస్తుంది. నల్గొండ పాఠకురాలికి నేను చెప్పదలచిన గీత కూడా ఇదే.

ప్రశ్న: కేంద్ర బృందం మా మండలానికి వచ్చి చూసి వెళ్లింది. మా ఊరికి ఎంత మంజూరైంది? — ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఊరివారీ మంజూరు అనేది ఉండదు. మీరు చూసిన కేంద్ర బృందం, అంటే అంతర మంత్రిత్వ బృందం, కొన్ని చోట్ల నమూనాగా చూసి, రాష్ట్రం పంపిన నివేదిక మీద తన అంచనా ఇస్తుంది. ముందు ఖర్చు పెట్టవలసింది రాష్ట్ర విపత్తు స్పందన నిధి. తెలుగు రాష్ట్రాల విషయంలో అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. అది చాలనప్పుడే జాతీయ విపత్తు స్పందన నిధి నుంచి అదనపు సాయం వస్తుంది, అది కూడా రాష్ట్ర నిధిలో అప్పటికి ఉన్న నిల్వలో సగాన్ని సర్దుబాటు చేసి. అందుకే కేంద్రం ప్రకటించిన మొత్తానికి, రాష్ట్రం చేతికి వచ్చిన మొత్తానికి, మీ మండలంలో పంచిన మొత్తానికి పొంతన కనిపించదు. ఏట్లో పారేసినా ఎంచి పారేయమన్నారు పెద్దలు. ఒక్కొక్క విపత్తుకు నిధిలోకి ఎంత వచ్చింది, ఏ జిల్లాకు ఎంత వెళ్లింది, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలను ఒకే చోట ప్రచురించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ప్రశ్న: నా పేరు ఎదురుగా “జమ అయింది” అని చూపిస్తోంది, నా పాసుబుక్కులో మాత్రం లేదు. — ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మీరు ఇచ్చిన ఖాతాలో కాక, ఆధార్‌తో చివరిసారి అనుసంధానమైన ఖాతాలో పడుతుంది. ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసమో డ్వాక్రా గ్రూపు కోసమో తెరిచిన పాత ఖాతాను ఒకసారి చూడండి. ఏ బ్యాంకుకు అనుసంధానం ఉందో ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్’ అన్న చోట తెలుస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో ఎకరం కూడా సాగు చేయనివారికి పరిహారం వచ్చిందని అందరూ చెప్పుకుంటున్నారు. ఫలానా వారి వివరాలు ఇమ్మని అడిగితే ఊళ్లో పగ పెంచుకున్నట్టు అవుతుంది. ఎలా అడగాలి? — ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఫలానా వారి వివరాలు అడగకండి, ఊరు మొత్తం అడగండి. అందులో మీ సొంత సర్వే నంబరూ ఉంటుంది కాబట్టి ఎవరి మీదా గురి పెట్టినట్టు కాదు. వ్యక్తిగత సమాచారం అన్న సాకుతో తోసిపుచ్చడం కూడా కష్టమవుతుంది. ఎందుకు అడుగుతున్నారో చెప్పవలసిన పని లేదని సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(2) చెబుతోంది. దరఖాస్తు వాక్యం ఇలా ఉంటే చాలు:

“ఫలానా గ్రామంలో ఫలానా తుపానుకు సంబంధించిన పంట నష్టం ఎన్యూమరేషన్‌లో పరిశీలించిన సర్వే నంబర్లన్నిటికీ పట్టాదారు, సాగుదారు పేర్లు, పంట, సాగు విస్తీర్ణం, నమోదు చేసిన నష్ట శాతం, పరిశీలించిన తేదీ, పరిశీలించిన ఉద్యోగుల హోదా, తిరస్కరించినట్లయితే కారణం, చెల్లించినట్లయితే మొత్తం, తేదీ తెలిపే రికార్డుల నకళ్లు ఇప్పించగలరు. బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోను నంబర్లు నాకు అవసరం లేదు. వాటిని కొట్టివేసి ఇవ్వవచ్చు.”

చివరి వాక్యాన్ని వదలకండి. నిరాకరించడానికి మొదట వెతికే కారణాన్ని అదే తీసేస్తుంది, ఎందుకంటే ఇవ్వదగిన భాగాన్ని వేరు చేసి ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. మండల వ్యవసాయాధికారి కార్యాలయంలో ఇవ్వడం మేలు. రికార్డు తమ దగ్గర లేదంటే దరఖాస్తును 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే, మిమ్మల్ని తిప్పకూడదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చు. కమిషన్ దగ్గర విచారణ ఆలస్యమవుతుందని తెలిసి కూడా మొదటి అప్పీలును వదలవద్దంటాను. చాలా కార్యాలయాలు కాగితాలు బయటకు తీసేది ఆ దశలోనే. నకళ్లు చేతికి వచ్చాక ఈ-పంట జాబితాను పక్కన పెట్టుకుని ముందు ఒక్క పని చేయండి: పంట నమోదు లేని సర్వే నంబరుకు నష్ట శాతం నమోదై ఉందా అని చూడండి. ఉంటే, ఆ ఒక్క వరుస నకలు జతచేసి జిల్లా వ్యవసాయాధికారికి, కలెక్టరుకు ఫిర్యాదు పంపండి.